వీరాచారి గారి కంప్రెసర్

2023 ఏప్రిల్. విజయవాడ వన్ టౌన్‌లో మా నాన్నగారు పెట్టిన టూల్స్ షాపు కౌంటరులో నేను కూర్చోవడం మొదలుపెట్టి అప్పటికి ఆరేళ్ళు. డ్రిల్లింగ్ మిషన్లు, కటింగ్ మిషన్లు, కంప్రెసర్లు అమ్ముతాం. వచ్చినవాళ్ళలో సగం మంది నా భుజం మీదుగా లోపలికి చూసి, "సార్ లేరా అమ్మా?" అని అడుగుతారు. నాకు ముక్కు మీద కోపం. "నేనేనండీ సార్‌ని, చెప్పండి" అంటాను. ఆ కోపంలో అవతలివాళ్ళకి మాట్లాడే సందు ఇవ్వకుండా నాకు తెలిసిందంతా చెప్పేయడం కూడా అలవాటైపోయింది.

వీరాచారి గారు "సార్ లేరా" అని అడగలేదు. యాభై అయిదేళ్ళుంటాయి. మైలవరం దగ్గర ఒక ఊళ్ళో కొత్తగా కడుతున్న ఇంటికి చెక్కపని ఒప్పుకున్నారు. తలుపుల అంచులకు బీడింగు పట్టీలు, హాలు గోడకు ప్లైవుడ్ ప్యానెళ్ళు, పడకగదుల్లో అల్మారాలు. మే నెలలో గృహప్రవేశం. "నెయిల్ గన్‌తో కొట్టాలనుకుంటున్నానమ్మా. గన్ను మా బావమరిది ఇచ్చాడు. దానికి కంప్రెసర్ కావాలి" అన్నారు.

తెలియనివారి కోసం కాస్త చెబుతాను. నెయిల్ గన్ గాలితో మేకు కొడుతుంది. ట్రిగ్గర్ నొక్కితే ఒక్క దెబ్బకు సన్నని మేకు చెక్కలోకి దిగిపోతుంది, సుత్తి అక్కర్లేదు. ఆ గాలిని తొక్కి ట్యాంకులో నింపేది కంప్రెసర్. కొనేటప్పుడు మూడు చూడాలి. హెచ్‌పీ అంటే మోటారు బలం. లీటర్లంటే ట్యాంకులో పట్టే గాలి. సీఎఫ్‌ఎం అంటే మిషన్ నిమిషానికి ఎంత గాలి ఇవ్వగలదో ఆ లెక్క. రంగు కొట్టే గన్ను ఆగకుండా గాలి తాగుతుంది. నెయిల్ గన్ అలా కాదు, మేకుకో గుక్క తాగి ఊరుకుంటుంది. ఒక్క గన్నుకి ఒక హెచ్‌పీ మోటారు, ఇరవై నాలుగు లీటర్ల ట్యాంకు సరిపోతుంది.

ఇంత తెలిసీ నేను ఆయనకు రెండు హెచ్‌పీ, యాభై లీటర్లది అంటగట్టాను. మోసం చేద్దామని కాదు. "రేపు ఇంకో గన్ను పెట్టుకుంటారు, ఎల్లుండి స్ప్రే పాలిష్ కూడా ఒప్పుకుంటారు, అప్పుడు మళ్ళీ మార్చుకుంటారా?" అని నేనే ఆయన భవిష్యత్తు మొత్తం చెప్పేశాను. ఆయన ఎడమచేత్తో హ్యాండిల్ పట్టుకుని కొంచెం ఎత్తి చూసి, "బరువేమోనమ్మా" అన్నారు.

"చక్రాలున్నాయి కదండీ" అన్నాను.

చక్రాలు మెట్లెక్కవు. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు. పని కింద అంతస్తులోనా, పైనా అని కూడా నేను అడగలేదు.

నాలుగో రోజు ట్రాలీ ఆటోలో మిషన్ వెనక్కి తెచ్చారు. దాని నెత్తిన పసుపు, కుంకుమ, వాడిపోయిన బంతిపువ్వు. "ఒకసారి నిండుతుందమ్మా. గాలి తగ్గాక మళ్ళీ ఎక్కదు. గుయ్యిమని మూలుగుతుంది, ఆగిపోతుంది" అన్నారు. షాపులో ప్లగ్ పెట్టాను. నిండింది. గాలి వదిలాను, మళ్ళీ ఎక్కింది. అయిదుసార్లు వదిలితే అయిదుసార్లూ ఎక్కింది. "చూశారుగా" అన్నాను. ఆయన తల ఊపి, అదే ఆటోలో తీసుకెళ్ళిపోయారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది అని మనసులో అనుకున్నాను. పెద్ద వయసు పనివాళ్ళకు కొత్త మిషన్లు అంత తొందరగా పట్టుబడవు, అదే కారణమని తేల్చేశాను కూడా.

రెండు రోజుల తర్వాత ఆ ఇంటి యజమాని ఫోన్ చేశారు. ప్రసాదరావు గారు, రిటైరైన లెక్చరర్. మర్యాదగానే అడిగారు. "ఏవండీ, పని ముందుకెళ్ళడం లేదు. ముహూర్తం చూస్తే దగ్గర పడుతోంది. లోపం మిషన్‌దా, మనిషిదా? అది తెలిస్తే నేనొక నిర్ణయం తీసుకుంటాను."

"మిషన్ బ్రహ్మాండంగా ఉందండీ. లోపం వాడే చేతిలోనే ఉంది" అన్నాను.

ఇన్నేళ్ళలో ఈ కౌంటరులో కూర్చుని నేనన్న మాటల్లో ఒక్కటి వెనక్కి తీసుకోవచ్చంటే, అది తీసుకుంటాను.

ఆ సాయంత్రమే వీరాచారి గారు ఫోన్ చేశారు. గొంతులో కోపం లేదు. "మీరన్న మాట ఓనరు గారు నాకు చెప్పారమ్మా. రేపు సాయంత్రం లోపు మిషన్ ఆడకపోతే బెజవాడ నుంచి వేరే బ్యాచ్‌ని పిలిపిస్తానన్నారు. వద్దనడానికి నాకు మొహం లేదు. మీరు ఒక్కసారి వచ్చి, చూసి, ఆ మాట అక్కడే అనండి."

ఆయన కోసం వెళ్ళానంటే అబద్ధం. నా మాట నెగ్గించుకోవడానికి వెళ్ళాను. పొద్దున్నే స్కూటీ తీసి, సంచిలో మల్టీమీటర్ వేసుకుని, కొండపల్లి మీదుగా మైలవరం వైపు బయలుదేరాను. మల్టీమీటర్ అంటే కరెంటు ఎంత వోల్టేజీలో వస్తోందో చూపించే చిన్న పరికరం. దాన్ని నా తరఫు సాక్షిగా పట్టుకెళ్ళాను.

ఆ ఇంటికి కట్టుబడి కోసం పెట్టిన టెంపరరీ కరెంటు మీటరు గేటు దగ్గర గోడకుంది. అక్కడ మల్టీమీటర్ పెడితే రెండొందల ఇరవై అయిదు. మంచి కరెంటు. అక్కడి నుంచి సన్నని నల్ల వైరొకటి ఇంటి చుట్టూ తిరిగి, మధ్యలో రెండుచోట్ల టేపు అతుకులతో, కిటికీలోంచి పై అంతస్తులోకి పోయింది. మిగిలిన వైరంతా చుట్టచుట్టి కంప్రెసర్ పక్కనే పడేసి ఉంది. ఆ చుట్ట మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. పైన కూడా మల్టీమీటర్ పెట్టాను. వీరాచారి గారు స్విచ్చి వేశారు. వోల్టేజీ నూట తొంభై అయిదుకు తగ్గినా, ఖాళీ ట్యాంకు కాబట్టి ఈసురోమంటూ నిండింది. నాలుగు ప్యానెళ్ళు కొట్టాక గాలి తగ్గి, మోటారు మళ్ళీ ఎక్కబోయింది. నా చేతిలో అంకె నూట యాభైకి పడిపోయింది. గుయ్యిమని మూలిగింది, ఆగిపోయింది. ఆయన షాపులో చెప్పింది ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

ట్యాంకులో గాలి ఉండగా రెండు హెచ్‌పీ మోటారు మళ్ళీ తిరగడం మొదలుపెట్టేటప్పుడు ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది. పొడవైన సన్నని వైరు అంత ఇవ్వలేదు. మా షాపులో గోడకున్న ప్లగ్ ఇస్తుంది. నా పరీక్షలన్నీ నా గోడ దగ్గర చేసినవి.

"మిషన్ని పైకెందుకు తెచ్చారండీ? మీటరు దగ్గర పెట్టుకుని గాలి పైపు పైకి లాగాలి గానీ" అన్నాను. గొంతు అప్పటికే తగ్గింది.

"పనిముట్టు కిందా, నేను పైనా ఎలా ఉంటానమ్మా?" అన్నారాయన. "బాడిస కంటికి కనబడకుండా పెట్టి పక్కకి కదిలితే మా నాన్న ఊరుకునేవాడు కాదు. దీనికీ పసుపు రాసి పనిలో పెట్టాను. రోజూ పొద్దున పైకి తెస్తున్నా, సాయంత్రం దించుతున్నా."

"ఒక్కరేనా?"

"ఒక్కో మెట్టూ లాగుతానమ్మా, ఎడమచేత్తో."

అప్పుడు చూశాను ఆయన కుడి మణికట్టు. మోచేతి వైపు నాలుగు వేళ్ళ పొడుగున కుట్ల మచ్చ. ఏడాది కిందట బండి మీంచి పడ్డారట, లోపల ప్లేటు వేశారట. పది దెబ్బలు సుత్తితో కొడితే వేళ్ళు తిమ్మిరెక్కి సుత్తి జారిపోతోందట. గన్నయితే ట్రిగ్గర్ నొక్కితే చాలు. చెయ్యి పోయిందని పేరు పడితే ఇక ఎవరూ పిలవరని, ఈ ఇంటి పని చేసి చూపిస్తే ఇంకొన్నాళ్ళు గడుస్తుందని ఆయన లెక్క.

"ఈ సంగతి షాపులో చెప్పి ఉంటే చిన్నది ఇచ్చేదాన్ని కదండీ."

"మీరు అడగలేదమ్మా. హెచ్‌పీ గురించి చెబుతున్నారు, విన్నాను."

లోపం వాడే చేతిలోనే ఉందన్న నా మాట గుర్తొచ్చింది. మల్టీమీటర్ సంచిలో పెట్టేశాను.

మైలవరం వెళ్ళి రెండు పొడవాటి గాలి పైపులు, వాటిని కలిపే కప్లింగులు తెచ్చాను. ఇంకొకరి షాపులో నేను పైపు కొన్నది ఆ ఒక్కరోజే. కంప్రెసర్‌ని కిందికి దించి, గేటు దగ్గర నీడలో పెట్టి, మీటరు బోర్డు నుంచి మందపాటి పొట్టి వైరుతో కలిపి, గాలి పైపు పైకి లాగాం. పైపు పొడవైతే గాలి ఒత్తిడి కాస్త తగ్గుతుంది గానీ నెయిల్ గన్‌కి అదేమంత లెక్క కాదు. వీరాచారి గారు మెట్ల దగ్గరే నిలబడిపోయారు. నాలుగు మెట్లెక్కి వెనక్కి చూశారు.

"మీరు వెళ్ళండి. దీని దగ్గర నేను కూర్చుంటాను" అన్నాను.

ఇటుకల మీద కూర్చున్నాను. పైన టక్, టక్ మని మొదలైంది. ట్యాంకు మీద గాలి ఒత్తిడి చూపించే ముల్లు తగ్గుతూ వచ్చి ఎనిమిది నుంచి అయిదుకు చేరింది. మోటారు ఒక్క ఉదుటున ఎక్కింది. మళ్ళీ తగ్గింది, మళ్ళీ ఎక్కింది. నాలుగు గంటలకు ప్రసాదరావు గారు వచ్చేసరికి పైన గోడ సగం అయిపోయింది.

ఆయన అడక్కముందే చెప్పాను. "తప్పు నాదండీ. ఈ పనికి తగని మిషన్ ఇచ్చింది నేను. ఫోన్లో మీకు చెప్పిన మాట తప్పు. ఆచారి గారు మొదటిరోజు నుంచీ ఉన్నదున్నట్టే చెప్పారు, నేనే వినిపించుకోలేదు." ఆయన పైకెళ్ళి గోడంతా చేత్తో తడిమి చూసుకున్నారు. వేరే బ్యాచ్ రాలేదు. ఆ వారంలోనే పెద్ద మిషన్ వెనక్కి తీసుకుని ఒక హెచ్‌పీది ఇచ్చాను. దాన్ని ఎడమచేత్తో ఎత్తి, రెండడుగులు నడిచి చూసి, "ఇదైతే పైకి తెచ్చుకోవచ్చు" అన్నారు. వైరు మాత్రం మందపాటిది వాడతానని ఒట్టు వేయించుకున్నాను.

అప్పటి నుంచి కంప్రెసర్ కోసం ఎవరొచ్చినా హెచ్‌పీ మాట చివర ఎత్తుతాను. కరెంటు ఎక్కడి నుంచి తెస్తారు, ఎన్నో అంతస్తు, ఎవరు మోస్తారు అని ముందు అడుగుతాను. మిషన్ల గురించి నాకు అంతకుముందూ తెలుసు. అవి వెళ్ళే ఇళ్ళ గురించి, పట్టుకునే చేతుల గురించి అడగాలని ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

కిందటి నెల వీరాచారి గారు కొండపల్లి నుంచి ఇంకో వడ్రంగిని తీసుకొచ్చారు. ఆ వచ్చినాయన నా భుజం మీదుగా లోపలికి చూసి, "సార్ లేరా అమ్మా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే వీరాచారి గారు అందుకున్నారు.

"అమ్మగారినే అడుగు. లీటర్లు గీటర్లు తర్వాత. ముందు నీ మోకాలి సంగతి చెప్పు."

నేను కౌంటరు దాటి బయటికొచ్చి, ఆ వచ్చినాయన కూర్చోవడానికి స్టూలు వేశాను.