అక్క కోసం నాలుగు ప్లేయర్లు

మొన్న గుంటూరులో బంధువులింట ఓణీల ఫంక్షనుకు వెళ్ళినప్పుడు, భోజనాల దగ్గర ఒక అమ్మాయి తన ఫోనులో వీడియో తీసి నాకు చూపించింది. వేలు తాకిందో లేదో బొమ్మ నీళ్ళలా సాగిపోయింది. ఇది ఏ ప్లేయరులో ఆడుతోందమ్మా అని అడిగితే ఆ పిల్లకు నా ప్రశ్నే అర్థం కాలేదు. వీడియో ఆడటానికి మళ్ళీ ఇంకొకటి కావాలా అన్నట్టు చూసి నవ్వింది. నవ్వనీ. ఇంట్లో కంప్యూటరు మీద ఒక హెచ్‌డీ వీడియోను ఆగకుండా ఆడించడానికి ఎన్ని తంటాలు పడేవాళ్ళమో నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అయితే నేను పడ్డ తంటా సినిమాల కోసం కాదు, మా అక్క కోసం. ఆ వేసవిలో ఇంటిల్లిపాదీ నన్ను వేళాకోళం చేశారు. ఇప్పుడు చేసినా నేను మళ్ళీ అదే పని చేస్తాను.

అక్క నాకంటే నాలుగేళ్ళు పెద్దది. ఏడో ఏట విషజ్వరం వచ్చి, తగ్గేటప్పటికి రెండు చెవులూ పోయాయి. అప్పటికే మాటలు వచ్చేశాయి కనుక మాట నిలిచింది గానీ, తన గొంతు తనకు వినపడదు కాబట్టి ఒకే తీరుగా, కాస్త గట్టిగా మాట్లాడుతుంది. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టేస్తుంది. కల్లంలో ఎండబోసిన మిరపకాయల్లో తాలుకాయ ఎక్కడున్నా ఏరి పారేసే కన్ను అది, పెదాల మీది మాటను వదులుతుందా! కాకపోతే పెదాలు కనబడాలి. మా ఇళ్ళలో ఉన్న పెళ్ళి క్యాసెట్లలో మనుషుల మొహాలన్నీ అలుక్కుపోయి ఉండేవి. అందులో ఎవరేం మాట్లాడారో అక్కకు ఏనాడూ తెలియలేదు.

రెండు వేల ఏడో ఎనిమిదో అయి ఉంటుంది. గుంటూరులో పెళ్ళిళ్ళకు వీడియోలు తీసే మా మరిది కొత్తగా హెచ్‌డీ కెమెరా కొని, దాన్ని పరీక్షించుకోవడానికి మా పుట్టింటికి, ప్రత్తిపాడు వచ్చాడు. అప్పుడు అమ్మ కల్లంలో కూర్చుని కాయలు ఏరుతోంది. ఏదైనా మాట్లాడండి అత్తయ్యా అని అతనంటే, అమ్మ సిగ్గుపడకుండా పావుగంట మాట్లాడింది: ఆ ఏటి పంట సంగతి, మా తమ్ముడి చిన్ననాటి అల్లరి, ఇరుగుపొరుగు కబుర్లు. అక్క అప్పుడు వినుకొండలో అత్తవారింట్లో ఉంది. ఆ ఎండాకాలం మొదట్లోనే అమ్మ ఏ జబ్బూ లేకుండానే కన్నుమూసింది.

పెద్దకర్మ అయ్యాక అందరం మా ఇంట్లో ఆ వీడియో పెట్టుకున్నాం. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. మార్కుల పట్టికలు వేసుకోవడానికని పాత కంప్యూటరు ఒకటి కొనుక్కున్నాం. అంత పెద్ద వీడియో దాని శక్తికి మించిన పని. మాట సరిగ్గానే వినపడుతోంది గానీ బొమ్మ గెంతుతోంది. అమ్మ నోరు ఒకసారి తెరిచి ఉంటుంది, మరుక్షణం మూసి ఉంటుంది, మధ్యలో ఏమైందో తెలియదు. చెవులున్న మాకు అది పెద్ద లోటు కాలేదు. ఏడ్చాం, అమ్మ వేళాకోళాలకు నవ్వాం కూడా. ముందు వరుసలో కూర్చున్న అక్క మాత్రం తెర వదిలి మా మొహాలు చూడటం మొదలుపెట్టింది.

“అమ్మ ఏమందిరా?” అంది తమ్ముడితో.

“మామూలు మాటలేలే అక్కా. తర్వాత చెబుతా.”

ఆ మాట ఆమె చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉంది. నేనూ ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. ఆరోజు అక్క మొహం చూశాక మాత్రం నాకు అన్నం సయించలేదు.

మర్నాడే గుంటూరు వెళ్ళి ఒక కంప్యూటర్ల షాపులో అడిగాను. ఈ పాతదానితో కాదు, కొత్తది కొనుక్కోండి అన్నాడు షాపాయన. ఎవరి కోసమో చెప్పేసరికి, “వినపడని మనిషికి అంత క్లారిటీ ఎందుకండీ మేడమ్? వీడియో సైజు తగ్గించి ఇస్తాను, బొమ్మ కనబడితే చాలదా?” అన్నాడు. వినపడని మనిషికే క్లారిటీ కావాలండీ అని గట్టిగా చెప్పాను. అయినా తగ్గించి ఇచ్చాడు. చూస్తే పెదాలు మళ్ళీ అలుక్కుపోయాయి. ఈ గొడవంతా ఎందుకు, అమ్మ మాటలన్నీ నేను కాగితం మీద రాసిస్తాను అన్నాడు తమ్ముడు.

“నువ్వు రాస్తే అవి నీ మాటలురా. నాకు అమ్మ మాటలు కావాలి,” అంది అక్క.

ఆ మాటతో నాకు పంతం పట్టుకుంది. వేసవి సెలవులకు అక్కను మా ఇంట్లోనే ఉంచుకుని, వీడియో ప్లేయర్లు ఒక్కొక్కటే తెచ్చి పెట్టడం మొదలుపెట్టాను. నోటుబుక్కులో గళ్ళు గీసి, ఏది ఎక్కడ ఆగింది, ఎన్నిసార్లు గెంతింది రాసుకునేదాన్ని. సాఫ్ట్‌వేర్లకు కూడా పరీక్షలు పెడుతున్నావా అని మా ఆయన ఎగతాళి చేసేవారు. కంప్యూటరుతో పాటు వచ్చిన ప్లేయరు అసలు ఆ ఫైలునే గుర్తుపట్టలేదు. దానికి కావలసినవేవో వెతికి ఎక్కిస్తే నల్లటి తెర మీద అమ్మ గొంతు వినిపించింది. రెండోది రంగురంగుల బటన్లతో చూడముచ్చటగా ఉండేది, కానీ నాలుగు మాటలకొకసారి బిగుసుకుపోయేది. మూడోది మరిది సీడీలో తెచ్చిచ్చాడు, అందరూ అదే వాడుతున్నారట. అది ఆడుతుంటే నా కళ్ళకు లోపమే కనిపించలేదు. గెలిచానని సంబరపడి అక్క వైపు తిరిగితే ఆమె తల అడ్డంగా ఊపింది.

“ఇది మధ్యమధ్యలో తినేస్తోందే. అమ్మ పచ్చిమిరపకాయ అంటే సగమే కనబడుతోంది.”

నాలుగోది ఏ అలంకారమూ లేని బూడిదరంగు ప్లేయరు, లోపల మాత్రం మార్చుకోవడానికి సవాలక్ష సెట్టింగులు. మిగతా ప్రోగ్రాములన్నీ మూసేసి ఒక్కదాన్నే నడిపితే బాగా మెరుగైంది, అయినా అమ్మ వేగంగా మాట్లాడేచోట గెంతింది. దాని సహాయం పేజీలు కూడబలుక్కుని చదివితే అప్పుడు అసలు కారణం తెలిసింది. కంప్యూటరు అందుకోలేకపోయినప్పుడు, బొమ్మ శబ్దానికి వెనకబడకూడదని ప్లేయరు కొన్ని బొమ్మలను వదిలేసి ముందుకు దూకుతుంది. అదంతా అక్కకు విడమరిచి చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

“ఆ శబ్దం ఎవరికే? తీసెయ్.”

పుట్టినప్పటి నుంచీ ఆమె చెల్లెల్ని, పైగా లెక్కల టీచర్ని, అయినా ఆ ముక్క నాకు తట్టలేదు. ఇన్ని రోజులూ నేను నా చెవులతోనే వెతుకుతున్నాను. సిగ్గుపడుతూ శబ్దం తీసేశాను, ఏ బొమ్మనూ వదలొద్దని సెట్టింగు మార్చాను. వీడియో కాస్త నెమ్మదిగా, కానీ ఒక్క కదలికా పోకుండా సాగింది. అక్క ఒక్కో మాటా పైకి చదవసాగింది. పంట సంగతి, తమ్ముడి అల్లరి, మేము నవ్విన ప్రతి చోటా ఆమె నవ్వింది. ఉన్నట్టుండి కుర్చీలోంచి లేచి, వెనక్కి తిప్పు అంది. మూడుసార్లు తిప్పించింది. కబుర్ల మధ్య అమ్మ ఒకచోట ఆగి, కెమెరా వైపు చూస్తూ పెదాలు ఆడిస్తుంది. అక్కడ మాటేమీ వినపడదు కనుక తమలపాకు నములుతోందని మేమంతా అనుకున్నాం. అక్కతో మాట్లాడేటప్పుడు అమ్మ గొంతు వాడదని మాలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

ఆ మాటలు అక్క చదివి చెప్పింది: “పెద్దదానా, వీళ్ళు తర్వాత చెబుతామంటే ఊరుకోమాక. అప్పుడే అడుగు. చెప్పిందాకా వదలమాక.”

ఇద్దరం చాలాసేపు ఏడ్చాం. సాయంత్రం తమ్ముడు వచ్చాడు. అక్క వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, తన పెళ్ళి పీటల మీద అందరూ ఎందుకు నవ్వారో చెప్పమంది. ఎప్పటిదో పాత సంగతి. వాడు గుర్తులేదన్నాడు, పనుందన్నాడు, లేవబోయాడు. అక్క చెయ్యి వదల్లేదు. చివరికి చెప్పాడు: బావ తలపాగా జారి పురోహితుడి తల మీద సరిగ్గా కూర్చుందని. అక్క అన్నేళ్ళ తర్వాత, కళ్ళనీళ్ళు వచ్చేదాకా, తన పెళ్ళికి తను నవ్వుకుంది. ఆనాటి నుంచి మా ఇళ్ళలో అక్కకు ‘తర్వాత’ అని చెప్పే ధైర్యం ఎవరూ చెయ్యలేదు.

ఆ కంప్యూటరు పాతసామానుకు పోయి చాలా కాలమైంది. అమ్మ వీడియో ఇప్పుడు ఎవరి ఫోనులోనైనా ఇట్టే ఆడుతుంది. నాలుగేళ్ళు ఆగి ఉంటే అంత అవస్థ తప్పేది కదా అంటారు పిల్లలు. అక్కను ఇంకా నాలుగేళ్ళు ఎందుకు ఆపాలి అంటాను నేను. వీడియోల్లో మొహాలు వెంట్రుకతో సహా కనబడే రోజులు వచ్చాయి, సంతోషమే. ఎదురుగా కూర్చున్న మనుషుల మొహాలే ఫోన్లలోకి వంగిపోయి, అక్కకు అందకుండా పోతున్నాయి. నలుగురు చేరి కబుర్లాడుతుంటే ఆమెకు ఇప్పుడు కనిపించేవి పాపిళ్ళు మాత్రమే. లోకాన్ని మార్చే శక్తి నాకు లేదు. మా ఇంట్లో మాత్రం అక్క ఉన్నంతసేపూ, వచ్చినవాళ్ళు ఎంతటివాళ్ళయినా, మొహం ఎత్తే మాట్లాడాలి.