రేకుల కింది గూడు

2012లో ఎల్లారెడ్డి పక్క ఊరి బడిలో సైన్సు చెప్పేవాణ్ని. కామారెడ్డి నుంచి రోజూ బస్సులో పోయేవాణ్ని. ఎండలు ముదురుతున్న రోజుల్లో, బడి వంటపాక రేకుల కింద వేలాడే తీగకు చిన్న గూడు కనిపించింది. దాని చుట్టూ బొటనవేలంత నీలిపిట్ట. పాక పక్కనున్న మందారపువ్వు ముందు గాల్లో క్షణం ఆగి తేనె తాగుతోంది. ఇంకేం, టీవీలో చూసిన ధైర్యంతో 'హమ్మింగ్ బర్డ్' అని పిల్లలకు చెప్పేశాను.

వంట చేసే అవ్వ గిన్నెలు తోముతూ, "అది తేనెపిట్ట సారూ. మా చేన్ల చిన్నప్పటి సంది చూస్తున్న" అంది.

"నువ్వు పప్పు మాడకుండ చూడు అవ్వా" అన్నాను. పిల్లలు పగలబడి నవ్వారు. నాకెంత సంబరమైందో! తలచుకుంటే ఇప్పుడు తల ఎత్తలేను.

మర్నాడే అవ్వ రేకుల కింది పొయ్యిరాళ్లు తీసి ఎండలో పెట్టుకుంది. నెత్తిన తువ్వాల కప్పుకొని అక్కడే వండేది. మాట పడ్డందుకు అలిగిందనుకున్నాను.

కొన్నాళ్లకు నీలిపిట్ట రావడం తగ్గింది. పైన మట్టిరంగు, పొట్ట కింద పసుపు ఉన్న పిట్ట ఒకటి గూట్లో దూరేది. ఖాళీ గూట్లో దొంగపిట్ట చేరిందని తేల్చేశాను. కామారెడ్డిలో సైన్సు ప్రదర్శన ఉంది. గూడు అక్కడ పెడదామని కత్తెర పట్టుకొని బల్ల ఎక్కాను.

"వద్దు సారూ! గది నీలిదాని ఆడిదే. గుడ్ల మీదున్నది" అని అవ్వ చేతులు అడ్డం పెట్టింది.

"నాకే చెప్పొచ్చినవా?" అని కోసేశాను.

ప్రదర్శనలో 'హమ్మింగ్ బర్డ్ గూడు' అని అట్ట పెట్టాను. చూడవచ్చిన ఒక ముసలి లెక్చరర్ అట్ట చదివి, గూటి పక్కనున్న రంధ్రంలోకి తొంగిచూసి, నలుగురూ వినకుండా మెల్లగా చెప్పాడు.

"హమ్మింగ్ బర్డ్ మన దేశంల ఉండది సార్. ఇది తేనెపిట్ట. గూడు కట్టేది, పొదిగేది ఆడదే. దానికి నీలం రంగు ఉండది. లోపల రెండు గుడ్లున్నయి, చూసినవా?"

చూడలేదు. అట్ట తీసి సంచిలో దాచుకున్నాను.

మర్నాడు గూడు తెచ్చి అదే తీగకు దారంతో కట్టాను. ఆడపిట్ట వచ్చి చుట్టూ తిరిగింది, లోపలికి పోలేదు. రెండు రోజులకు రావడమే మానేసింది. తప్పయిందని చెబుదామని అవ్వ ముందు నిలబడ్డాను.

"పొగకు గుడ్లు కరాబయితయని ఎండల పెట్టుకున్న. ఇగ ఎవలి కోసం?" అంది అవ్వ, నా వైపు చూడకుండా. పొయ్యిరాళ్లు ఒక్కొక్కటే రేకుల కిందికి మోసుకుపోయింది. ఒక్క రాయైనా అందుకోకుండా నేను నీడలో నిలబడి చూశాను.