మసక వెలుగులో గరిటె పరీక్ష

దూడ సంగతి మా మిత్రుడు తనంతట తాను చెప్పకపోయి ఉంటే ఈ గొడవంతా వచ్చేదే కాదు.

ఆయన ఈ దేశం వచ్చి కార్ల కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. నోవై అనే ఈ ఊళ్ళో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటాడు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో తోటి ఇంజనీర్లు జింకల వేటకి తీసుకెళ్ళారట. అప్పటినుంచి ఏటా నవంబర్ మధ్యలో తుపాకి వేట సీజన్ మొదలవగానే వేటగాళ్ళకి తప్పనిసరైన నారింజ రంగు కోటు తొడుక్కుని, గంట దూరంలో ఉన్న ఒక రైతు పొలానికి పోతాడు. ఆ రైతు కూడా ఒకప్పుడు ఫ్యాక్టరీలో ఈయనతో పనిచేసినవాడే. పొలం చివర మాటు వేసి కూర్చోవడానికి చిన్న చెక్క గది ఉంది. జింక దొరికిన ఏడు దొరుకుతుంది, లేని ఏడు లేదు. దొరికినా మాంసంలో చాలా భాగం రైతు ఇంటికే పోతుంది. మిగిలినదానికి గరాజ్‌లో ఉన్న ఫ్రీజర్ దాకానే వీసా అని, వంటింట్లోకి ఎంట్రీ లేదని ఆయన భార్య అంటుంది.

నిరుడు పొద్దు గూకిన తర్వాత, చీకటి ఇంకా పూర్తిగా పడకముందు, పొలం అంచున గోధుమ రంగులో ఏదో కదిలింది. తుపాకి మీద బిగించిన స్కోప్‌లోంచి చూస్తే చెవులు కనిపించాయి, మెడ కనిపించింది. ఆడ జింక అని తేల్చుకున్నాడు. తుపాకి సేఫ్టీ మీట మీదికి బొటనవేలు పోయేలోగా ఆ జింక 'అంబా' అంది. కంచె సందులోంచి వచ్చిన రైతు దూడ అది.

ఈ కథని ఒక శనివారం వాళ్ళింట్లో భోజనాల దగ్గర, అంబా అనే చోట గొంతు సవరించుకుని మరీ చెప్పాడు. అందరం నవ్వాం. ఆయన భార్య నవ్వలేదు. చేతిలో ఉన్న సాంబారు గిన్నె బల్ల మీద పెట్టి, "అది అరవకపోతే ఏమయ్యేదండీ?" అంది.

ఆవిడ తీర్పు ఆ రాత్రే చెప్పేసింది. ఆయనకి మసక వెలుగులో ఏది ఏమిటో తెలుస్తోందని తనకి నమ్మకం కుదరాలి. కుదరకపోతే తుపాకి ఆ రైతుకి ఇచ్చేసి రావాలి. ఆవిడ అన్న మాట మీద నిలబడే మనిషని మా అందరికీ తెలుసు. డెబ్బై దాటాక ఆయన ఒక్కొక్కటే వదులుకుంటూ వచ్చాడు. టెన్నిస్‌ని మోకాలు తీసుకుంది, రాత్రిపూట హైవే డ్రైవింగ్‌ని భార్య తీసుకుంది. మిగిలింది ఈ వేట ఒక్కటే. పైకి ఎన్ని జోకులు వేసినా ఆ వేసవంతా ఆయన దిగులుగానే ఉన్నాడు.

సెప్టెంబర్‌లో ఒకరోజు ఫోన్ చేసి, లోపం కళ్ళలో లేదు, అద్దాల్లో ఉంది అన్నాడు. అసలు స్కోప్‌లోంచి వెతకడమే తన పొరపాటట. ముందు బైనాక్యులర్స్‌తో చూసి, అది జింకేనని తేల్చుకున్నాకే తుపాకి ఎత్తాలట. మసక వెలుగులో పనికొచ్చే మంచి బైనాక్యులర్స్ కొనాలి, తోడు రమ్మన్నాడు. నాకు వేట గురించి తెలిసింది సున్నా. అందుకే నన్ను పిలిచాడు. తెలిసినవాళ్ళయితే అడ్డం చెబుతారు.

వేట సామాన్ల దుకాణం మన సూపర్‌మార్కెట్ కంటే పెద్దది. గుమ్మంలోనే నిలువెత్తు ఎలుగుబంటి బొమ్మ. అద్దాల బీరువాలో బైనాక్యులర్స్ వరసగా పేర్చి ఉన్నాయి, ప్రతిదాని మీదా రెండు అంకెలు. మొదటిది ఎన్ని రెట్లు పెద్దగా కనిపిస్తుందో చెబుతుంది, రెండోది ముందున్న అద్దం ఎన్ని మిల్లీమీటర్ల వెడల్పో చెబుతుంది. ఇంజనీరుకి అంకె కనిపిస్తే ఇక ఆగడు. అద్దం ఎంత పెద్దదైతే అంత వెలుగు పడుతుంది కదా అని, ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్దది, ఎనిమిది-యాభై ఆరు చేతిలోకి తీసుకున్నాడు. చంటిపిల్లాడంత బరువుంది. ఆ దుకాణం దీపాల కింద చూస్తే అన్నీ ఒకేలా ధగధగలాడుతున్నాయి. బయట చీకటి పడ్డాక చూస్తానన్నాడు. అమ్మే కుర్రాడు ఏమాత్రం అభ్యంతరం చెప్పకుండా మాతోపాటు పార్కింగ్ లాట్‌కి వచ్చి నిలబడ్డాడు.

అలా మేమిద్దరం ముసలాళ్ళం ఒక కారుకి ఆనుకుని, బండ్లు తోసుకుంటూ వెళుతున్న జనం వైపు బైనాక్యులర్స్ ఎక్కుపెట్టాం. ఒకావిడ ఆగి మావైపు అదోలా చూసింది. నేను ఆయన మోచెయ్యి పట్టుకుని అవతలున్న చెట్లవైపు తిప్పాను.

"ఆకులు లెక్కపెట్టొచ్చు గురూ," అన్నాడు. నాకూ ఇచ్చాడు. ఆకులు కనిపించలేదు గానీ, అంత డబ్బు పెడుతున్నవాడితో ఆ మాట ఎలా చెప్పడం? కొనేశాడు.

పరీక్ష అక్టోబర్‌లో జరిగింది. వాళ్ళింటి వెనక గడ్డి, దాని అవతల చిత్తడి నేల, అక్కడినుంచి చెట్లు. తుపాకి గరాజ్‌లో తాళం వేసి ఉంది, పరీక్ష కళ్ళకే. ఆవిడ సల్వార్ మీద ఆయన నారింజ కోటు తొడుక్కుని, మంచు బూట్లు వేసుకుని, భుజానికి గుడ్డసంచీతో చెట్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది. సంచీలో వంటింటి సామాను. పొద్దు పోయాక ఒక్కొక్కటీ పైకెత్తి చూపిస్తుంది, అదేమిటో ఈయన చెప్పాలి. నేను అంపైర్‌ని. ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని ఆయన పక్కన కుర్చీలో కూర్చున్నాను. జీవితమంతా పత్రికాఫీసులో డెస్క్ మీద పని చేసినవాణ్ణి కాబట్టి పక్షపాతం చూపననుకున్నారు కాబోలు.

మొదటిది గరిటె అన్నాడు. ఔనంది. రెండోది అప్పడాల కర్ర. అదీ సరిపోయింది. మూడోదానికి వెలుగు బాగా తగ్గింది. బైనాక్యులర్స్ బరువుకి ఆయన చేతులు వణకడం మొదలైంది. అట్లకాడ అన్నాడు. పప్పుగుత్తి అని ఫోన్‌లో జవాబు వచ్చింది. ఒక్క తప్పు లెక్కలోకి రాదని ఆయన వాదించాడు. సరే, ఇంకొక్కటి అంది.

ఈసారి చాలాసేపు చూశాడు. "చిల్లుల గరిటె. డౌట్ లేదు. చిల్లులు కూడా కనపడుతున్నాయి," అన్నాడు.

"నా చేతిలో ఏమీ లేదండీ. ఖాళీ చెయ్యి," అంది.

ఆవిడ గడ్డిలోంచి నడిచి వచ్చి సంచీ మెట్ల మీద పెట్టింది. కోపం లేదు. ఆయన ముఖం చూసి కాఫీ పెడతానంది. ఆయన మాత్రం, తుపాకి ఆదివారం ఇచ్చేసి వస్తానన్నాడు. ఆవిడ, తొందరెందుకు, ముందు సోమవారం కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళిరండి, తర్వాత చూద్దామంది. వేసవి నుంచీ ఆవిడ ఆ మాట చెబుతూనే ఉందని నాకు అప్పుడు తెలిసింది.

కళ్ళ డాక్టర్ మా అందరికీ తెలిసిన వాళ్ళమ్మాయే, ఇక్కడే పుట్టి పెరిగింది. నన్నూ, బైనాక్యులర్స్‌నీ వెంటబెట్టుకుని వెళ్ళాడాయన. ఆ అమ్మాయి గదిలో దీపం తగ్గించి ఆయన కంటిపాప ఎంత తెరుచుకుంటోందో కొలిచింది. శుక్లం కొద్దిగా మొదలైంది, ఆపరేషన్‌కి ఇంకా టైమ్ ఉందంది. కళ్ళజోడు నంబరు ఎప్పుడో మారిపోయిందని, అద్దాల మీద గీతలు కూడా ఉన్నాయని చెప్పింది. తర్వాత బైనాక్యులర్స్ చేతిలోకి తీసుకుని నవ్వింది.

"అంకుల్, ఫిఫ్టీ సిక్స్‌ని ఎయిట్‌తో డివైడ్ చేయండి. సెవెన్. ఇది సెవెన్ మిల్లీమీటర్ల వెడల్పు లైట్ ఇస్తది. మీ ప్యూపిల్ చీకట్లో ఫైవ్ కూడా ఓపెన్ కాదు. మిగతా లైట్ అంతా మీ ఐ బయటే పడిపోతది. మీరు ఊరికే వెయిట్ మోస్తున్నారు."

ఆ భాగహారం తను చేసి ఉండాల్సిందని ఆయన దారంతా సణిగాడు. జీవితమంతా ఇంజన్లకి ఎంత గాలి పోవాలో లెక్క కట్టినవాడు, తన కన్ను ఎంత వెలుగు తీసుకుంటుందో ఒక్కసారీ అనుకోలేదు. కుర్రవయసులో కంటిపాప ఏడు దాకా తెరుచుకుంటుందట. ఆయన బైనాక్యులర్స్ కొన్నది ఒకప్పుడు తనే అయిన ఆ కుర్రాడి కోసం.

పెద్దదాన్ని వాపసు ఇచ్చేశాం. ఈసారి ఎనిమిది-నలభై రెండు తీసుకున్నాడు. దాని వెలుగు ఐదుకి కాస్త పైన, ఆయన కంటికి సరిపోతుంది. బరువు సగానికి సగం తగ్గింది. కళ్ళజోడు తీయకుండానే చూడగలిగే రకం ఏరుకున్నాడు. తుపాకి మీదున్న స్కోప్ మార్చలేదు, కానీ దాన్ని తొమ్మిది రెట్ల నుంచి నాలుగుకి తిప్పి పెట్టాడు. బొమ్మ చిన్నదైంది గానీ వెలుగు పెరిగింది. కొత్త కళ్ళజోడు కూడా వచ్చాక రెండో పరీక్షకి కబురు పెట్టాడు.

అదే కోటు, అదే సంచీ. చలి మాత్రం ముదిరింది. మూడు వస్తువులు వరసగా సరిగ్గా చెప్పాడు, పప్పుగుత్తితో సహా. నాలుగోదానికి చెట్లు, నేల కలిసిపోయాయి. ఆవిడ కోటు కూడా బూడిద రంగుకి తిరిగింది. ఆయన బైనాక్యులర్స్ దించి, అద్దం తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఒక్క మాటతో గెలిచేసే ఆటలా ఉందది. ఆవిడ మళ్ళీ ఖాళీ చెయ్యే ఎత్తి ఉంటుందని నేను అనుకున్నాను. ఆయనా అదే అనుకుంటున్నట్టు పెదాలు కదిలాయి కూడా.

"తెలియడం లేదే," అన్నాడు చివరికి. "ఉందో లేదో కూడా చెప్పలేను."

ఆవిడ నడిచి వచ్చింది. చేతిలో ఇత్తడి గరిటె ఉంది, వాళ్ళ పెళ్ళినాటిదట, చాలా పెద్దది. ఆయన దాన్ని చూసి, ఇంత పెద్దది కనపడలేదా అని కుర్చీలోంచి లేచిపోబోయాడు. ఫెయిలయ్యాననే అనుకున్నాడు పాపం.

"కూర్చోండి," అందావిడ. "తెలియదన్న ఆ మాట పోయినసారి అని ఉంటే ఇంత దూరం వచ్చేదే కాదు. వెళ్ళిరండి. అన్నయ్యగారిని కూడా తీసుకెళ్ళండి."

అన్నయ్యగారిని ఎవరూ అడగలేదు. ఆ విధంగా నవంబర్‌లో నేను కూడా నారింజ కోటు తొడుక్కుని, రెండు జతల సాక్సులతో, ఫ్లాస్కులో టీతో ఆ చెక్క గదిలో కూర్చున్నాను. పగలంతా ఉడతలు. పొద్దు గూకాక పాత ఆపిల్ చెట్ల కింద ఏదో వచ్చి నిలబడింది. ఆయన బైనాక్యులర్స్ ఎత్తాడు. వణుకు లేదు. చాలాసేపు చూశాడు. నాకిచ్చాడు, నేనూ చూశాను. నీడలో ఇంకో నీడ.

చట్టం ప్రకారం కాల్చడానికి ఇంకా కొద్ది నిమిషాల టైముంది. ఆయన తుపాకి ఒళ్ళోకి తీసుకుని, తూటాలు ఒక్కొక్కటే బయటికి తీసి జేబులో వేసుకున్నాడు. టీ పొయ్యమని సైగ చేశాడు. కప్పులు పట్టుకుని కూర్చున్నాం. ఆ వచ్చినదెవరో గానీ, రాలిన ఆపిల్ పళ్ళు కొరికి నములుతూనే ఉంది. ఆ చప్పుడు మాత్రం స్పష్టంగా వినిపిస్తోంది.

"ఆకలి మీద ఉన్నట్టుంది," అన్నాడాయన మెల్లగా.