ఇంద్రావతి ఇసుకలో మూడో చుట్టు

మంగళవారం పొద్దున మద్దేడ్‌లో సర్కారు కాగితాల పనులు చేసిపెట్టే నా చాయిస్ సెంటర్లో ఒకాయనకు కులం సర్టిఫికెట్ ఫారం నింపుతుంటే చిన్నమ్మ ఫోన్ చేసింది. "మీ చిన్నాయన పోయిండు బిడ్డా." గుండెనొప్పట. ఆసుపత్రికి తీసుకుపోయేలోపే అయిపోయిందట. నాలుగేళ్లుగా నేను ఆయనతో మాట్లాడలేదు. ఏడుపు రాలేదు. ఫారం పూర్తిచేసి ఆ మనిషిని పంపించాకే తాళం వేశాను.

పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. ఆ మంచి నా దగ్గర చాలా ఉంది. ఇంకోటి కూడా ఉంది. రెండూ రాస్తాను.

చిన్నాయన మా నాన్న తమ్ముడు. భోపాల్‌పట్నంలో టీవీలు, మిక్సీలు బాగుచేసే దుకాణం నడిపేవాడు. వచ్చినవాళ్లను బట్టి గోండి, హిందీ, తెలుగు మాట్లాడేవాడు. వస్తువు విప్పాక మాత్రం ఎవరు పిలిచినా పలికేవాడు కాదు. నేనప్పుడు ఒక సర్కారు ఆఫీసులో కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఆపరేటర్ని. ఒకరోజు పిలిచి, "మనిషి చెయ్యి పడకుండ, దానంతటదే ఎగిరి మళ్లొచ్చే విమానం చేద్దమా? నేను ఒళ్లు చేస్త, నువ్వు మెదడు రాయి" అన్నాడు.

టీవీ పెట్టెల్లో వచ్చే థర్మాకోల్ కోసి రెక్కలు చేశాడు. వెన్నుకు వెదురుబద్ద పెట్టాడు. నాకు సోల్డరింగ్ నేర్పాడు. రెక్కల కింద రెండు వేళ్లు పెట్టి ఎత్తి, ముక్కు వాలుతుందా తోక వాలుతుందా చూడటం నేర్పాడు. నేను రాసిన ప్రోగ్రాంను ముందు కంప్యూటర్లోనే ఎగరేశాం. ప్రోగ్రాం ఎక్కించిన చిప్పును కంప్యూటర్‌కు కలిపితే అది నిజంగా గాల్లోనే ఉన్నాననుకునేది. తెర మీద విమానం మలుపు తీసుకుంటే బల్ల మీదున్న తోక టక్కున కదిలేది. మొదట్లో ప్రతి మలుపులోనూ కూలిపోయేది. నేను విసుక్కుంటే, "ఈడ ఎంత పడితే అంత మంచిది. తెర మీద పడితే ఏం ఇరగదు" అనేవాడు. నెలల తరబడి పడేశాం. చివరికి ఎదురుగాలి పెట్టినా బుద్ధిగా తిరిగొచ్చి దిగింది.

"చిన్నాయనా, బయట ఎగరెయ్యాలంటే అనుమతి కావాలె" అన్నాను.

"పోలీసు థానాల అడిగిన. సరే అన్నరు. నువ్వా సంగతి ఇడిసిపెట్టు."

ఎండాకాలం పొద్దున ఇంద్రావతి ఇసుకలో ఎగరేశాం. రెండు చుట్లు చక్కగా తిరిగింది. ఆయన నా భుజాలు పట్టుకుని ఊపేశాడు. మూడో చుట్టులో గాలి లేచింది. విమానం మావైపు మళ్లలేదు. రోడ్డు దాటి, పోలీసు క్యాంపు పక్కన పోయి పడింది.

గంటలో ఇద్దరినీ పిలిపించారు. అధికారి అనుమతి కాగితం అడిగాడు. నేను చిన్నాయన వైపు చూశాను. ఆయన నేల చూశాడు. ఎవరు తయారుచేశారని అడిగితే నావైపు వేలు చూపించాడు. "అంతా ఈ పిల్లనే సాబ్. నేను థర్మాకోల్ కోసిచ్చిన, గంతే."

అనుమతి లేదు. అసలు ఆయన ఎవరినీ అడగనే లేదు.

మధ్యాహ్నానికి సంతకాలు పెట్టించుకుని వదిలేశారు. రోడ్డు మీదికొచ్చాక, "ఎందుకు చిన్నాయనా?" అన్నాను. "నడువు, ఎండ కొడుతుంది" అన్నాడు. నాతో ఆయన అన్న చివరి మాట అదే. సంగతి ఆఫీసుకు చేరింది. నా కాంట్రాక్టు మళ్లీ రాయలేదు. ఆయన దుకాణం మర్నాడు ఎప్పటిలాగే తెరుచుకుంది.

భయపడ్డాడంటే అర్థం చేసుకోగలను. ఆరోజు నేనూ వణికాను. కానీ అడిగానని అబద్ధం చెప్పి నన్ను ఆ ఇసుకలోకి తీసుకుపోయాడే, అది ఈరోజుకీ మింగుడుపడదు. సోల్డరింగ్ నేర్పింది ఆ చెయ్యే, వేలు చూపించిందీ ఆ చెయ్యే.

దినానికి వెళ్లాను. చిన్నమ్మ నా చెయ్యి వదల్లేదు. "నీ పేరెత్తితే లేచి అవతలికి పోయేటోడు బిడ్డా" అంది. ఆయన్ను క్షమించమని మాత్రం అడగలేదు.

బస్సుకోసం నడుస్తుంటే, మూసి ఉన్న చిన్నాయన దుకాణం మెట్టు మీద ఒక గోండు ముసలామె కూర్చుని ఉంది. ఒళ్లో తువ్వాలులో చుట్టిన రేడియో. "పదిరోజులాగి రమ్మన్నడు. ఎప్పుడొస్తడు?" అంది వచ్చీరాని తెలుగులో. చెబుదామని దగ్గరికి వెళ్లాను. నేను కూడా ఆయన కోసమే వచ్చాననుకుంది కాబోలు, పక్కకు జరిగి మెట్టు మీద నాకు చోటిచ్చింది.