అటెండరక్క ఖాళీ చేసిన గది

ఆ బళ్ళో అందరికీ ఆమె అటెండరక్క. ఇరవై రెండేళ్లుగా అందరికంటే ముందొచ్చి తాళాలు తీస్తుంది, బల్లలు తుడుస్తుంది, గంట కొడుతుంది. భర్త దర్జీ. అతని కొట్లో మిగిలిన ప్యాంటు ముక్కలతో గదికొక డస్టరు కుట్టించేది. "బళ్ళో ఇచ్చే డస్టరు సుద్దను తుడవదు, పూస్తుంది" అనేది.

ఆ ఏడాది లెక్కలు చెప్పడానికి కొత్త టీచరు వచ్చింది. పాతికేళ్ల పిల్ల, మొదటి ఉద్యోగం. ఆమెకు ఎనిమిదో తరగతి ఇచ్చారు. ఆ గది కిటికీ అవతలే ఇనప గేట్లు చేసే షెడ్డు. రేకు కోసే మిషను మొదలైతే పక్కవాడి మాట కూడా వినపడదు. అంతకుముందున్న మాస్టారు గొంతు పెద్దది కాబట్టి నెట్టుకొచ్చాడు. ఈమె గొంతు నెల తిరక్కుండానే బొంగురుపోయింది. వెనక బల్లల పిల్లలు పాఠం వినపడక అల్లరికి దిగారు. ఆమెకు క్లాసు అదుపు చెయ్యడం చేతకాదని స్టాఫ్‌రూములో మాట పుట్టింది.

ఒక మధ్యాహ్నం అటెండరక్క వేణ్నీళ్లు తెచ్చిచ్చింది.

"రేపట్నుంచి రానక్కా. ఈ పని నావల్ల కాదు" అంది టీచరు.

"అదేం మాటమ్మా? వరండాలో నిలబడి విన్నాను. మిషను ఆగినప్పుడు మీరు చెప్పింది నాక్కూడా అర్థమైంది. భిన్నాలంటే చిన్నప్పుడు నాకు జ్వరమొచ్చేది."

టీచరు నవ్వబోయింది, దగ్గొచ్చింది.

బడి వెనకవైపు ఒక గది నిండా విరిగిన బల్లలు, పాత అట్టపెట్టెలు. ఆ సాయంత్రం నుంచి మూడు రోజులు అటెండరక్క దాన్ని ఖాళీ చేసింది. రెండో రోజు భర్తను లాక్కొచ్చింది. "నా నడుం విరగ్గొట్టడానికే నన్ను చేసుకున్నావా?" అని సణుగుతూనే అతను బల్లలు మోశాడు.

నాలుగో రోజు హెడ్మాస్టరు చూశాడు.

"నిన్నెవరు సర్దమన్నారు?"

"ఎవరూ అనలేదు సార్. ఎనిమిదో తరగతిని ఇక్కడికి మారిస్తే టీచరుగారి గొంతు మిగులుతుంది. బయట పేర్చిన ఈ బల్లల్ని ఆ గదిలో పడేద్దాం. చప్పుడైతే వాటికేం నష్టం?"

ఆయన చిరాగ్గా వెళ్లి ఎనిమిదో తరగతి గదిలో నిలబడ్డాడు. మిషను నడుస్తోంది. ఐదు నిమిషాలు కూడా ఉండలేక బయటికొచ్చి, గది మార్చమన్నాడు.

అద్భుతాలేమీ జరగలేదు. టీచరు గొంతు కుదుటపడింది, పిల్లలకు పాఠం వినపడింది. అంతకుముందు పరీక్షలో తప్పినవాళ్లలో సగంమంది గట్టెక్కారు. టీచరు ఉద్యోగం మానలేదు.

ఏడాది చివరి మీటింగులో హెడ్మాస్టరు ఆమెను మెచ్చుకున్నాడు. ఆమె లేచింది.

"నేను చెప్పే పద్ధతేం మారలేదు సార్. గది మారింది. మార్చింది అటెండరక్క."

తర్వాత సైన్సు మేడమ్, తను కాన్పయి వచ్చిన కొత్తలో పాపకు పాలిచ్చేటప్పుడు లైబ్రరీ తలుపు దగ్గర రోజూ కాపలా ఉన్నది ఆమేనంది. చూపు మందగించిన డ్రాయింగు మాస్టారు, తన టైంటేబులు పెద్దక్షరాల్లో రాయించి పెట్టింది ఆమేనన్నాడు.

"ఈ మాట మనలో ఎవరైనా ఆమెతో అన్నామా?" అని అడిగాడు హెడ్మాస్టరు.

ఆమెను పిలిచి చెప్పారు. "ఇంతమంది కలిసి పిలిస్తే, ఏ తాళంచెవో పోయిందనుకున్నా" అంది. ఆ తర్వాత కొంగుతో బల్ల తుడిచింది.

మర్నాడు స్టాఫ్‌రూములో ఆమెకూ ఒక కుర్చీ వేశారు. అంతవరకూ ఆమె బయట స్టూలు మీద కూర్చునేది. రెండు రోజులు ఆ కుర్చీలోనే కూర్చుంది. మూడో రోజు, అక్కణ్నుంచి వరండా కనపడటం లేదని, కుర్చీని గుమ్మం దగ్గరికి జరుపుకుంది. దాన్ని మళ్లీ ఎవరూ లోపలికి జరపలేదు.