రాయైపోయిన వాకిలి

నందిగామలో మేముండే వీధిలో పక్కింటివాళ్ళు మేడ కడుతున్నారు. పొద్దున్నే మేస్త్రి గోడలకి పైపు పట్టి నీళ్ళు కొడుతుంటే తడిసిన సిమెంటు వాసన మా వంటింటి కిటికీలోంచి లోపలికొస్తుంది. మా ఆయన ఆ వాసన పీలుస్తూ హాయిగా కాఫీ తాగుతాడు, కొత్తింటి వాసన అంటాడు. నేను మాత్రం కిటికీ మూసేస్తాను. ఆయనకది ఎవరిదో గృహప్రవేశం, నాకది తెల్లారగట్ల మా అమ్మ కళ్ళాపి చల్లిన వాకిలి.

మాది జగ్గయ్యపేట దగ్గర పల్లెటూరు. ఊరి వెనక సున్నపురాయి క్వారీ, దాని పక్కన సిమెంటు ఫ్యాక్టరీ, ఫ్యాక్టరీకి ఒక పొడుగాటి గొట్టం. రాత్రంతా ఆ గొట్టంలోంచి వచ్చిన బూడిద చప్పుడు లేకుండా మా పెంకుల మీద, పందిరి మీద, ఆరుబయట బోర్లించిన గిన్నెల మీద, వాకిట్లో పడి ఉండేది. పొద్దున్నే అమ్మ లేచి, ఊడ్చి, పేడనీళ్ళు కలిపి కళ్ళాపి చల్లి ముగ్గేసేది. ఎంత ఊడ్చినా కొంత మిగిలిపోయేదిగా, ఆ మిగిలిన బూడిద నీళ్ళు తాగి ఎండెక్కేసరికి గట్టిపడేది. మర్నాడు దాని మీద ఇంకో పొర, ఆ మర్నాడు ఇంకోటి. అట్లా మా వాకిలి ఏడాది తిరిగేసరికి ఎత్తు పెరిగేది, వదిలేస్తే వానాకాలం నీళ్ళు గడప దాటి ఇంట్లోకొచ్చేవి. అందుకని ఉగాదికి ముందు ఊరంతా మగవాళ్ళు గడ్డపారలు పట్టుకుని ఎవరి వాకిలి వాళ్ళు పగలగొట్టేవాళ్ళు. ఉగాది పనుల్లో ఇల్లు కడుక్కోవడం, సున్నాలేసుకోవడం అందరికీ ఉంటాయి; వాకిలి పగలగొట్టుకోవడం మా ఊళ్ళో తప్ప ఇంకెక్కడా నేను చూళ్ళేదు. నాన్న పెళ్ళగించిన పెచ్చుల్లో అమ్మ వేసిన ముగ్గుల గీతలు పొరలు పొరలుగా కనిపిస్తుంటే మేం పిల్లలం వాటిని ఏరుకుని, ఇది దీపావళిది, ఇది అట్లతద్దిది అని పోట్లాడుకునేవాళ్ళం.

మా ఇంట్లో అన్నీ ఆ బూడిద రుచే. వేపపువ్వు ఎన్ని నీళ్ళు పోసి కడిగినా ఉగాది పచ్చడిలో పంటికింద ఏదో కరకరమనేది. ఎండాకాలం గుమ్మడి వడియాలు పెడితే, పైన పాతచీర కప్పి నాయనమ్మ కర్ర పట్టుకుని కాకుల్ని తోలుతూ కూర్చునేది. కాకుల్ని తోలగలదుగానీ ఆ బూడిదని ఏం తోలుతుంది పాపం! సాయంత్రానికి వడియాలు బూడిదగుమ్మడికి తగ్గ రంగులోనే తేలేవి. ఎండాకాలం సెలవులకి రెడ్డిగూడెంలో అమ్మమ్మగారింటికి వెళ్ళినప్పుడు మామిడితోటలో ఆకులు నిగనిగలాడుతుంటే, వీటిని రోజూ ఎవరు కడుగుతారమ్మమ్మా అని అడిగాను. తోటలో ఉన్నవాళ్ళంతా ఘొల్లున నవ్వారు. అమ్మ మాత్రం నవ్వలేదు. రెడ్డిగూడెంలో ఉన్నన్నాళ్ళూ అమ్మకి దగ్గు ఉండేది కాదు. మా ఊరి బస్సు దిగి ఇంటి తాళం తీసేలోపే మళ్ళీ మొదలయ్యేది.

ఏడో తరగతిలో మాకు ఇంగ్లీషు మాస్టారు కొత్తగా వచ్చారు. మైలవరం ఆయనది. మంచాయనే, పిల్లలంటే ప్రాణం, కానీ ఇంగ్లీషంటే అంతకంటే ప్రాణం. పర్యావరణం మీద పాఠం వచ్చినప్పుడు బోర్డు నిండా మాటలు రాసి మా చేత పాడించినట్టు వల్లె వేయించారు: పొల్యూషన్, డిఫారెస్టేషన్, సాయిల్ ఇరోజన్, గ్రీన్‌హౌస్ ఎఫెక్ట్, గ్లోబల్ వార్మింగ్. ఎంత బాగుండేవో ఆ మాటలు! నోట్లో చాక్లెట్ వేసుకుని చప్పరించినట్టుండేది. తొక్కుడుబిళ్ళ ఆటలో గడికో మాట చొప్పున పెట్టుకుని, ఆ మాట తప్పులేకుండా అంటేనే కాలు దించనిచ్చేవాళ్ళం. బడి ప్రహరీ పక్కన ఉన్న టేకుచెట్ల ఆకుల మీద పేరుకున్న బూడిదలో వేలితో పొల్యూషన్ అని రాసి, స్పెల్లింగ్ కరెక్టో కాదో మాస్టారికి చూపించేవాళ్ళం. ఆయన ఆకు చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని, వెరీగుడ్ అనేవారు. క్లాసుకి రాగానే జేబురుమాలతో కుర్చీ మీద బూడిద దులుపుకుని కూర్చుని, పొల్యూషన్‌కి ఉదాహరణ ఢిల్లీ, బొంబాయి అని చెప్పేవారు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలీదు. ఆ రోజుల్లో మాలో ఒక్కళ్ళకీ తట్టలేదు.

ఆ ఏడే ఫ్యాక్టరీవాళ్ళు రెండో గొట్టం కట్టబోతున్నారని తెలిసింది. అదీ ఎక్కడ, మా ఇళ్ళ వెనక చేలో. పై అధికారులు వచ్చి ఊళ్ళో వాళ్ళ అభిప్రాయం అడుగుతారని దండోరా వేశారు. మగవాళ్ళెవరూ నోరెత్తడానికి లేదు. మా నాన్నతో సహా అందరూ ఆ ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీలే, మాట్లాడినవాడికి మర్నాడు గేటు దగ్గర పని ఉండదు. అందుకని ఆడవాళ్ళంతా మా అరుగు మీద కూర్చుని, మా అమ్మ మాట్లాడాలని తేల్చారు. అమ్మకి భయం లేదు. పైగా అప్పటికి దగ్గుతో పడుకోలేక గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోతోంది. ఇంకో గొట్టం వస్తే తను బతకనని అమ్మకి తెలుసు, మాకూ తెలుసు. పొయ్యి దగ్గర కూర్చుని ఊదుకుంటూ, దగ్గుకుంటూ, చెప్పబోయేది నాకు అప్పజెప్పేది.

"అయ్యా, రాత్రిళ్ళు మా ఇళ్ళ మీద బూడిద పడతంది. పొద్దున్నే నీళ్ళు చల్లితే రాయవతంది. అదే మా గుండెల్లోకీ పోతందండి. ఇంకో గొట్టం మాత్రం పెట్టమాకండి."

అంతే. అంతకంటే ఏం కావాలి?

కానీ మాస్టారు ఊరుకోలేదు. ఒక సాయంత్రం ఇంటికొచ్చి, "అమ్మా, వచ్చేది పెద్ద ఆఫీసర్లండి. వాళ్ళ ముందు మన మాట ఇంగ్లీషులో పడితే ఆ విలువే వేరు. మీ పాప పర్యావరణం మీద గడగడా చెబుద్ది" అన్నారు. అమ్మ మొహం వెలిగిపోయింది. కూతురు ఇంగ్లీషులో మాట్లాడితే ఏ తల్లికి కాదనబుద్ధేస్తుంది? ఊళ్ళో అందరికీ ఆ మాట నచ్చింది. తెలుగులో మొత్తుకుంటే బంట్రోతు కూడా వినడు, ఇంగ్లీషైతే కలెక్టరైనా లేచి నిలబడతాడని మా వాళ్ళ నమ్మకం.

ఆ రోజు బడి ఆవరణలో షామియానా వేశారు. టేబుళ్ళ మీద బూడిద కనపడకుండా తెల్లటి గుడ్డలు పరిచి, నీళ్ళ సీసాలు పెట్టారు. అమ్మ నాకు పట్టులంగా కట్టి, కనకాంబరాలు పెట్టి, దిష్టి తగలకుండా చెంపన చుక్క పెట్టింది. నేను మైకు ముందు నిలబడి, మాస్టారు గైడులోంచి రాసిచ్చిన వ్యాసం ఒక్క చోట కూడా తడబడకుండా అప్పజెప్పాను. మనిషి ప్రకృతిని పాడుచేస్తున్నాడని, అడవులు నరకకూడదని, ప్లాస్టిక్ సంచులు వాడకూడదని, కుళాయి కట్టేయడం మర్చిపోకూడదని. అందులో మా ఊరి పేరు లేదు. ఫ్యాక్టరీ లేదు, గొట్టం లేదు. నాకు ఆ వ్యాసంలో సగానికి అర్థం తెలీదు, షామియానా కింద కూర్చున్న మా వాళ్ళకి ఒక్క ముక్కా తెలీదు. అందరూ చప్పట్లు కొట్టారు. అధికారులూ కొట్టారు, ఫ్యాక్టరీవాళ్ళయితే మరీ గట్టిగా కొట్టారు. పెద్దాఫీసరు నాకు పెన్నుల పెట్టె బహుమతి ఇచ్చి, "ఇంకెవరైనా మాట్లాడతారా?" అని అడిగాడు.

పక్కింటి పిన్ని అమ్మని మోచేత్తో పొడిచింది. అమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "ఇంకేంటి చెప్పేది, మొత్తం చెప్పేసిందిగా మా పిల్ల" అంది.

అభ్యంతరాలేవీ లేవని రాసుకుని వాళ్ళు భోజనాలకి లేచారు.

ఇంటికొస్తుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుని అడిగింది. "మన వాకిలి సంగతి చెప్పావా?"

"లేదమ్మా, సారు రాసివ్వలా."

"బూడిద సంగతి?"

"అదీ లేదు."

అమ్మ నడుస్తున్నది ఆగింది. నన్నొక్క మాట అనలేదు, మాస్టార్నీ అనలేదు. నా తలలో కనకాంబరాలు జారుతుంటే సర్ది, "పోన్లే, బాగా చెప్పావు" అంది. ఆ పోన్లే ఇప్పటికీ నాకు మింగుడుపడదు. పన్నెండేళ్ళ పిల్లని, నాకేం తెలుసు? తెలిసిన పెద్దవాళ్ళు అంతమంది కూర్చుని, తెల్లగుడ్డ పరిచిన టేబుళ్ళ మీద మోచేతులు ఆనించి, కాళ్ళ కింద అంతెత్తున ఉన్నదాన్ని చూడకుండా చప్పట్లు కొట్టారే, వాళ్ళనేమనాలి? తలుచుకుంటే ఒళ్ళు మండిపోతుంది.

రెండో గొట్టం వచ్చింది. అమ్మని నందిగామ ఆసుపత్రికి, తర్వాత బెజవాడకి బస్సుల్లో తిప్పాం. కిటికీ పక్క సీట్లో కూర్చుని, నోరు తెరుచుకుని గాలి కోసం మొహం బయటికి పెట్టేది. ఆ ఉగాది దాటలేదు. వాకిలి పగలగొట్టేటప్పుడు నాన్న గడ్డపార పక్కన పడేసి, పైపొర మీద అమ్మ ఆఖరి ముగ్గు ఉందని అక్కడే కూలబడ్డాడు. ఆ పొర అట్లాగే వదిలేశాం. తర్వాత క్వారీ పెరిగి ఊరు ఖాళీ చేయించారు. ఇప్పుడక్కడ ఇల్లూ లేదు, వాకిలీ లేదు, టేకుచెట్లు లేవు, తొక్కుడుబిళ్ళ గీసుకున్న నేలా లేదు. పెద్ద గొయ్యి ఉంది, అడుగున పచ్చటి నీళ్ళు.

నేనిప్పుడు ఇక్కడే ఒక కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. ఏటా ఆ పాఠం వస్తుంది. మొన్న బోర్డు నిండా ఆ మాటలే రాశాను, పిల్లలు గడగడా అప్పజెప్పారు. ఎందుకో ఆగలేక, అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని చెప్పిన నాలుగు మాటలూ తెలుగులోనే, అమ్మ చెప్పినట్టే చెప్పి, రాసుకోండి అన్నాను.

క్లాసంతా నావైపు చూసింది. ముందు బెంచీలో పిల్ల పెన్ను మూతపెట్టి, "అది ఎగ్జామ్‌లో రాదు గదా మేడం" అంది. తెలివైన పిల్ల. జగ్గయ్యపేట వైపు నుంచే వస్తుంది, మధ్యమధ్యలో చున్నీ అడ్డం పెట్టుకుని దగ్గుతుంది.