తెర మీద అన్న నీడ

దయ్యాలంటే నాకు పడీపడీ నవ్వడమే తెలుసు. చదివి మీరూ నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

తొంభైల మధ్యలో నారాయణగూడలో పాత ఫిల్ములను వీడియో క్యాసెట్ల మీదికి ఎక్కించే చిన్న షాపు నడిపేవాణ్ణి. ఒక మధ్యాహ్నం అశోక్ నగర్ నుంచి ఒక పెద్దాయన రీలు పట్టుకొచ్చాడు. తోలుబొమ్మలాటలో దేశమంతా పేరున్న మనిషి. కుర్రతనంలో ఒక ప్రయోగాత్మక సినిమా తీశాడని నాకూ అప్పుడే తెలిసింది. కథ లేదు, మాట లేదు. తొమ్మిది నిమిషాలూ ఒక బొమ్మ తెర మీద నడుస్తూనే ఉంటుంది.

బొమ్మను ఆడించింది ఆయన అన్న. ఆడించేవాడి నీడ తెర మీద పడటం వాళ్ళలో పెద్ద తప్పు. ఇందులో పడింది. సిగ్గుపడి ఎవరికీ చూపించకుండా పెట్టెలో దాచేశారు. ఆ ఏడాదే అన్న జ్వరంతో పోయాడు. ఆయనది ఒక్క ఫొటో కూడా లేదు.

"ఆ తప్పే మిగిలింది బిడ్డా. మా అన్న నీడనన్నా జర చూస్త" అన్నాడు.

తలుపు మూసి, ప్రొజెక్టర్‌తో గోడ మీద వేశాను. బొమ్మ వెనక మసకమసకగా ఒక పెద్ద నీడ. ఆయన కళ్ళు తుడుచుకుని, "ఇంకొక్కసారి తిప్పు" అన్నాడు.

రెండోసారి నీడ చిన్నదైంది, అంచులు పదునెక్కాయి. మనిషి తెరకు దగ్గరగా జరిగితేనే నీడ అలా అవుతుంది. లెన్సు చూశాను, బల్బు చూశాను. ఏదీ కదల్లేదు.

"చాలు సార్, ఆపేద్దాం."

"ఏంది బిడ్డా, భయపడ్తున్నవా? మా అన్నే గద!"

ఆయన కోసం మూడోసారి వేశాను. ఈసారి బొమ్మ నడవడం మానేసింది. వెనక నీడకు ముక్కు, గడ్డం కత్తిరించినట్టు కనిపిస్తున్నాయి. "అన్నా!" అంటూ పెద్దాయన లేచి నిలబడ్డాడు. అంతే, ఆ ముక్కు మెల్లగా నీడలో కలిసిపోయింది. అంటే తల మా వైపు తిరిగింది. తెరకు అవతలి నుంచి ఒక అరచెయ్యి వచ్చి ఆనింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. రీలు చేత్తో పట్టి ఆపేశాను, బల్బు మాత్రం ఆర్పలేదు. ఆగిన ఫిల్ము బల్బు వేడికి కాలుతుందని ఈ పనిలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. ముఖం ఉన్న చోటే బుడగ లేచి కాలిపోయింది.

కాలిన ముక్క తీసేసి, అతికించి మళ్ళీ వేశాను. బొమ్మ ఒక్కటే నడుస్తోంది. మొదటి నుంచి చివరిదాకా ఇంకే నీడా లేదు.

ఆయన్ని స్కూటర్ మీద అశోక్ నగర్‌లో దింపాను. గేటు పట్టుకుని నా వైపు తిరిగాడు.

"నేను పిలుస్తుంటే ఆపితివి బిడ్డా. గిప్పుడు ఏడికి పోయిండు మా అన్న?"

నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు.